టాపెట్ కవర్‌కి గెలాక్సీ, చోక్ తీగకి పొగ

మా నాన్న అంబాసిడర్‌ని (1489 సీసీ పెట్రోలు బండి, తాగుడు ఎక్కువ) అమ్మేయమని ఇంట్లో అందరూ మొత్తుకున్నా వినకుండా ఉంచుకున్నది నేనే. బయటి రంగు బాగానే ఉంది గానీ బానెట్ ఎత్తితే పరువు పోతుంది. ఒంగోలుకి కొత్తపట్నం సముద్రం ఎంత దూరమని, ఆ ఉప్పు గాలికి ఇంజన్ మీద మూతలా ఉండే టాపెట్ కవర్ మొదలుకుని చిన్న బ్రాకెట్ దాకా అంతా తుప్పే. ఈలోగా మేనమామ కూతురి పెళ్లొచ్చింది. పెళ్లికూతురు ఇందులోనే మండపానికి వెళ్లాలని నేనే నోరు జారాను.

విడిభాగాలన్నీ ఊడదీయించి గోనెసంచిలో పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కరిగించి అంటించే పని) షాపుకి మోసుకెళ్లాను. రంగుల కార్డు చూస్తూ అరగంట కూర్చున్నా. టాపెట్ కవర్‌కి చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లా నలుపు మీద బంగారు చుక్కలు కావాలన్నాను. షాపాయన నన్నొకసారి, సంచినొకసారి చూసి, "అది గుమ్మం ముందు పరుచుకునేది సార్, పోనీ మెరుపు పొడి కలిసిన నలుపుంది, వేస్తాను" అన్నాడు.

సైలెన్సర్ గొట్టం మొదలయ్యే మేనిఫోల్డు కూడా అందులో పడేయబోతే ఆపేశాడు. పౌడర్‌ని ఓవెన్‌లో కరిగించేదే 200 డిగ్రీల దగ్గరట, మేనిఫోల్డు వేడి దాన్ని ఎప్పుడో దాటిపోతుందట. దానికి 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ సిల్వర్ పెయింట్ పలచగా కొట్టి, ఇంజన్ వేడితోనే మెల్లగా గట్టిపడనివ్వాలన్నాడు. పోనీ క్రోమ్ చేయిస్తానంటే, "వేడికి నీలంగా తిరుగుద్ది సార్, పెళ్లిలో నెమలి అంటారు" అన్నాడు. ఇంత తెలిసిన మనిషి మాట అక్కడిదాకా విన్నవాణ్ణి, చివరిదొక్కటి వినలేదు.

"బోల్టు కూర్చునే చోట్ల టేప్ అంటిస్తాం, అక్కడ రంగు పడదు."

"ఎందుకు పడదు? ఒక్క చోట కూడా ఇనుము కనపడకూడదు" అన్నాను నేను, డబ్బులిచ్చేవాడి గొంతుతో.

పెళ్లి రోజు తెల్లారుజామున, కారుకి బంతిపూల దండలు కట్టి, మా ఆవిడ ఎర్రనీళ్లు దిగదుడిచి, పెళ్లికూతురు పట్టుచీర సర్దుకుంటూ వెనక కూర్చున్నాక తాళం తిప్పాను. లైట్లు గుడ్డిగా అయ్యాయి, స్టార్టర్ "క్కూ" అని మూలిగింది. చల్లటి ఇంజన్ లేవడానికి లాగే చోక్ బొత్తం (దాన్నుంచి ఇంజన్ దాకా సన్న ఇనప తీగ ఉంటుంది) లాగి మళ్లీ తిప్పాను. ఈసారి డాష్‌బోర్డు దగ్గర్నుంచి పొగ! చోక్ బొత్తం పట్టుకుంటే పెనం మీద వేలు పెట్టినట్టు చుర్రుమంది. "ఏమండీ, హారతి లోపల కూడా ఇస్తున్నారా?" అంది మా ఆవిడ. మామయ్య మాత్రం "ఏందిరా అబ్బాయ్, ఇదేనా నువ్వు చెప్పిన సోకు?" అని చెప్పులు విప్పి కారు తొయ్యడానికి రెడీ అయిపోయాడు.

నిద్రలేపి తీసుకొచ్చిన ఎలక్ట్రీషియన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూనే బానెట్ కింద తలపెట్టి, ఇంజన్‌ని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ బిగించిన బ్రాకెట్‌ని వేలితో తట్టాడు.

"ఈ బ్రాకెట్‌కి రంగెవరేశారు సార్?"

"రంగు కాదు, పౌడర్ కోటింగ్" అన్నాను.

"అదే, కరెంటు పోనివ్వని పొర. ఇంజన్ రబ్బర్ల మీద కూర్చునుంటది, ఈ పట్టీ తప్ప కరెంటుకి వేరే సరైన దారి లేదు. దారి మూసేస్తే స్టార్టర్ లాగే కరెంటంతా చోక్ తీగలోంచి వెళ్లింది. సన్న తీగ, కాలక ఏంజేస్తది?"

పెయింటు గీకే కాగితం తీశాడు. నా కళ్లముందే, 48 గంటలు ఎవర్నీ ముట్టుకోనివ్వని నున్నటి నలుపుని సర్రు సర్రున రుద్దాడు. రూపాయి బిళ్లంత తెల్లటి ఇనుము బయటపడింది. పట్టీ బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త వాసెలీన్ రాశాడు. తాళం తిప్పితే ఒక్క కిక్కుకే లేచింది. కాలిన చోక్ తీగ ఖర్చు వేరే.

మండపం దగ్గర బానెట్ ఎత్తి నిలబెట్టాను, చూస్తారని. మెరిసే టాపెట్ కవర్‌ని, సిల్వర్ మేనిఫోల్డుని దాటుకుని పెళ్లికొడుకు తాత తిన్నగా ఆ రూపాయి బిళ్ల మీద వేలు పెట్టి, "ఇక్కడ రంగు ఊడింది చూసుకున్నావా నాయనా?" అన్నాడు.