ముందు ఆ కవరు విప్పి చూడండి

చెన్నై పెద్దాసుపత్రుల్లో ఇప్పుడు డాక్టరు మందు పేరు టైప్ చేస్తే చాలు, ‘ఇది ఆ మాత్రతో పడదు’, ‘కిడ్నీ రిపోర్టు చూసి డోసు తగ్గించండి’ అని కంప్యూటరే చెప్పే రోజులొచ్చాయి. మంచిదే, మేం కాదనం. ఓపీలో ఊపిరి సలపకుండా రోగుల్ని చూసే మనిషికి పక్కన ఇంకో కన్ను ఉంటే తప్పేముంది? ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కూడా కాదు. 1970ల్లోనే స్టాన్‌ఫర్డ్‌లో మైసిన్ అనే ప్రోగ్రాం ఏ ఇన్‌ఫెక్షన్‌కి ఏ యాంటీబయాటిక్ వాడాలో చెప్పేది, బాగానే చెప్పేది, కానీ వార్డులోకి మాత్రం అడుగుపెట్టలేదు.

మా పేచీ గుడ్డి నమ్మకంతోనే. ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌ని ముందే పసిగడుతుందని అమెరికాలో వందలాది ఆసుపత్రులు పెట్టుకున్న ఒక సాఫ్ట్‌వేర్‌ని మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు: ప్రతి ముగ్గురు సెప్సిస్ రోగుల్లో ఇద్దరిని అది పట్టుకోలేకపోయింది, పైగా ఆసుపత్రిలో చేరినవాళ్లలో 18 శాతం మందికి అలర్ట్ మోగించింది. అన్నిసార్లు మోగితే ఎవరు పట్టించుకుంటారు? చూడకుండానే నొక్కేసి ముందుకెళ్తారు.

ఇక మన సంగతి. నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగే మనవాళ్ల చేతిలో ఫైలుండదు, ప్లాస్టిక్ కవరుంటుంది. అందులో ఊరి డాక్టరు చీటీ, పేరున్న వైపే చిరిగిపోయిన మాత్రల స్ట్రిప్పు, మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు. గుండె జబ్బుకి రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్లు ఆ నొప్పి బిళ్లలు కూడా మింగితే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదముంది. కంప్యూటర్‌కి ఈ విషయం తెలుసు. ఆ బిళ్ల సంగతి ఎవరూ ఎక్కించకపోతే మాత్రం అది నోరెత్తదు, అలర్ట్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందని డాక్టరూ అనుకుంటారు. అసలు టెన్షన్ అదే. వైద్య రికార్డులన్నీ ఒకచోట కలపడానికి ప్రభుత్వం ఇచ్చే ఆభా నంబరుందిగా అంటారేమో, ఊళ్లో క్లినిక్ కాగితం మీద రాసిచ్చింది ఆ నంబరులోకి దానంతటదే వెళ్లిపోదు కదా.

అందుకే ఆసుపత్రులవాళ్లూ, సాఫ్ట్‌వేర్ లైసెన్సులకి పోసే డబ్బులో కొంత తీసి, డాక్టరు గదికి ముందు తెలుగొచ్చిన ఒక ఫార్మసిస్టుని కూర్చోబెట్టండి. కవరు మొత్తం విప్పించి, ఏది ఎప్పటి నుంచి వాడుతున్నారో అడిగి ఎక్కించమనండి. కొన్న సాఫ్ట్‌వేర్‌ని మీ రోగుల మీదే పరీక్షించి, ఎన్ని అలర్టులు వచ్చాయి, డాక్టర్లు ఎన్ని పక్కన పెట్టారు, ఎన్ని ప్రమాదాలు దాని కళ్లు గప్పి పోయాయి అన్న లెక్క ఏటా బయటపెట్టండి.