శ్రీ శాలువా గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ శాలువా గారికి,

హైదరాబాదు నుంచి మీ సన్మానితుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మొన్న ఆదివారం సాయంత్రం మీరు నా భుజాల మీద వాలినప్పటి నుంచి మెడ వెనక చిన్న గాటు తప్ప నాకు వేరే బాధలేవీ లేవు. ఆ గాటు మీ అంచుకు స్టేపుల్ చేసిన చీటీ వల్ల పడింది. ఇంటికి వచ్చి పీకి చూస్తే దాని మీద నా పేరు కాక మరెవరో డాక్టరు గారి పేరు ఉంది. అంటే నా దగ్గరికి రాకముందే మీరు మరో సభను పావనం చేశారన్నమాట. తప్పు పట్టడం లేదు. మా బీరువాలోంచి బయటికి వెళ్లిన మీ బంధువులు కూడా ఈ నగరంలో అలాగే తిరుగుతున్నారు.

ఆరు గంటల సభ ఏడుంబావుకు మొదలైనందుకు నాకు కోపం లేదు. జ్యోతి ప్రజ్వలన వేళకు అగ్గిపెట్టె దొరకకపోవడమూ, ప్రార్థనాగీతం పాడిన పాప దిగగానే పాప తల్లి మైకు అందుకోవడమూ నేను మనసులో పెట్టుకోలేదు. నా వ్యాజ్యమంతా మీతోనే. నా ప్రసంగానికి 40 నిమిషాలని ఆహ్వానపత్రికలో అచ్చు వేశారు. వేదిక మీది పదకొండు మందికీ, మొదటి వరుసలోని ఏడుగురికీ, చివరికి హాలు చూసుకునే ఆయన బావమరిదికీ మిమ్మల్ని కప్పి, ఫోటో సరిగ్గా రాలేదని విప్పి, మళ్లీ కప్పి ముగించేసరికి నాకు మిగిలినవి తొమ్మిది నిమిషాలు.

నేను మాట్లాడవలసింది ఇంగ్లండు పడమటి తీరాన, ఐరిష్ సముద్రం ఒడ్డున ఉన్న వైట్‌హేవెన్ అనే బొగ్గు పట్టణం చరిత్ర గురించి. మా నాన్న ఇల్లందు బొగ్గు బాయిలో తట్టా చెమ్మస్ (పార) పట్టిన మనిషి కాబట్టి, బొగ్గు అనే మాట ఎక్కడ కనిపించినా చదవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. చిన్న జాలరి పల్లెగా ఉన్న ఆ ఊరిని 17వ శతాబ్దంలో లోథర్ కుటుంబం చేజిక్కించుకుంది. రేవు కట్టి, వీధులను గళ్లనుడి పలకలా గీసి, తవ్విన బొగ్గును ఓడల్లో డబ్లిన్‌కు అమ్ముకుంది. భూమి కింది బొగ్గు చాలక, 1729లో సముద్రపుటొడ్డునే సాల్టమ్ గనిని తవ్వడం మొదలుపెట్టి, 456 అడుగులు దిగి, అక్కడి నుంచి సముద్రం కిందికి సొరంగాలు తోలారు. మా నాన్న నెత్తి మీద రాతి పైకప్పు ఉండేది. వాళ్ల నెత్తి మీద ఆ రాతికి తోడు సముద్రం కూడా ఉండేది.

ఇంతవరకు చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత వెలుతురు సంగతి ఎత్తుకున్నాను. ఆ గనిలో మండే గ్యాసు ఊరేది. మేనేజరు కార్లైల్ స్పెడ్డింగ్ తెలివైనవాడు. గ్యాసున్న చోట దీపం పెట్టకూడదని ఉక్కు చక్రం ఒకటి కనిపెట్టాడు. మన వీధుల్లోకి కత్తులకు సాన పట్టేవాడు వచ్చినప్పుడు చక్రం నుంచి రాలే రవ్వలు గుర్తు చేసుకోండి, అచ్చం అలాంటిదే. చిన్న పరికరాన్ని రొమ్ముకు ఆనించుకొని పిల్లవాడు చేత్తో పిడి తిప్పుతుంటే, ఉక్కు చక్రానికి చెకుముకి రాయి ఒరుసుకొని రవ్వలు రాలుతాయి. ఆ రవ్వల వెలుగులో పక్కవాడు బొగ్గు కొడతాడు. పిల్లవాడి చెయ్యి ఆగితే గనిలో చీకటి. ఈ రవ్వలకు గ్యాసు అంటుకోదని అందరూ నమ్మారు. అంటుకునేది. స్పెడ్డింగ్ 1755లో గ్యాసు పేలుడులోనే పోయాడు. ఈ మాట చెబుతుండగా మొదటి వరుసలో ఒకాయన తన ఒడిలోని మిమ్మల్ని జాగ్రత్తగా, జరీ అంచు పైకి వచ్చేలా మడత పెట్టుకుంటున్నారు.

తరువాత 1910 మే 11 రాత్రికి వచ్చాను. వెల్లింగ్టన్ గనిలో మంటలు లేచి, లోపలికి పోయిన షిఫ్టు వాళ్లు వెనక్కి వచ్చే దారి మూసుకుపోయింది. పైన జనం గుమిగూడారు. మంటకు గాలి అందకుండా చేయాలని చివరికి అధికారులు గని దారులకు గోడ కట్టించారు. గోడకు అవతల మనుషులు ఉన్నారని తెలిసే కట్టించారు. లోపల, గాలి వచ్చే దారిలో ఒక తలుపు మీద ఎవరో సుద్దముక్కతో రాశారు. నాలుగు గంటల వేళకు అక్కడ అంతా బాగానే ఉందని, పెద్దలూ పిల్లలూ కలిసి 35 మంది ఉన్నామని దాని సారాంశం. నేను ఈ వాక్యం పూర్తి చేసి ఊపిరి తీసుకుంటుండగా నా చేతికి ఒక కాగితం ముక్క అందింది. "సమయం లేదు, దయచేసి ముగించగలరు."

శాలువా గారూ, అప్పుడు మీరు నా మెడ చుట్టూనే ఉన్నారు. ఆ ముప్పై అయిదుగురినీ ఆ తలుపు వెనక బతికి ఉండగానే వదిలేసి నేను వేదిక దిగాను. మీకు ముప్పై ఒక్క నిమిషాలు ఎందుకయ్యా? ఒంటికి కప్పితే చలి ఆగదు, పరిస్తే నేల కప్పదు, తుడిస్తే తడి పీల్చవు. వాడే పని ఒక్కటీ లేని నీ కోసం, ఒక్కో మనిషి మీద ఒక్కో నిమిషంన్నర చొప్పున, ఎక్కడో మట్టిలో పోయిన వాళ్ల కథను కోసేస్తారా? మా నాన్న ముప్పై ఏళ్లు గనిలో మస్టర్ (హాజరు) వేయించుకున్నాడు, భుజం మీద తువ్వాలు తప్ప నిన్ను ఎరగడు. నువ్వు వెళ్లి ఎవరి భుజాల మీద కూర్చున్నావో నాకు తెలుసు.

క్షమించాలి, మర్యాద తప్పాను.

నిజానికి నేను ఈ అంశాన్ని ఆగస్టు సభకు ఎంచుకున్నదే ఒక తేదీ కోసం. అక్కడి దాకా నన్ను రానివ్వలేదు గనుక ఇక్కడ చెబుతున్నాను. 1947 ఆగస్టు 15న, మనవాళ్లు ఢిల్లీలో జెండా ఎగరేసిన రోజునే, వైట్‌హేవెన్‌లోని విలియం గని పేలింది. హైదరాబాదుకు ఆ పండుగ కూడా అప్పటికి అందలేదు, అది వేరే కథ. అక్కడ ఆ ఏడాది జనవరి 1నే గనులను ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. యజమాని మారాడు, గ్యాసు మారలేదు. 104 మంది చనిపోయారు. అందరూ పోయారనుకున్నాక, దాదాపు ఇరవై గంటల తర్వాత ముగ్గురు నడుచుకుంటూ వచ్చారు. ఈ ముగ్గురి కోసమే నేను చివరి పది నిమిషాలు దాచుకున్నాను. ఆ ఊళ్లోని ఆఖరి పెద్ద గని హెయిగ్ 1986లో మూతపడింది. కొత్త గనికి 2022లో అనుమతి ఇచ్చారు, 2024లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వాదప్రతివాదాలను ఎలాగూ రెండు మాటల్లో తేల్చేవాడిని.

ఒక విషయం మాత్రం మీకు చెప్పాలి. సభ తర్వాత మైసూరు బజ్జీల దగ్గర, గోదావరిఖనిలో షాట్‌ఫైరర్‌గా, అంటే గనిలో మందుగుండు పేల్చే పని చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ప్లేటు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చారు. "సార్, ఆ ముప్పై అయిదుగురు బయటపడ్డరా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఫోటోగ్రాఫరు నా మోచెయ్యి పట్టుకొని, శాలువాతో ఇంకొక్క ఫోటో అంటూ లాక్కుపోయాడు. తిరిగి వచ్చేసరికి ఆయన లేరు. ప్లేటు అక్కడే ఉంది.

ఆయన కోసం రాస్తున్నాను. బయటపడలేదండి. 1910లో ఆ రాత్రి వెల్లింగ్టన్ గనిలో పోయినవాళ్లు 136 మంది. కొన్ని నెలల తర్వాత గోడలు పగలగొట్టి లోపలికి వెళ్లినవాళ్లకు ఆ తలుపు కనిపించింది. సుద్ద చెరిగిపోలేదు.

ఇట్లు,
తొమ్మిది నిమిషాల వక్త