పెట్టె గోడకు, భారం దేవుడికి

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల మీద ఎవరు పడితే వాళ్లు నోరు పారేసుకునే కాలమిది. లిఫ్టు ఆగితే మేమే, మోటారు కాలితే మేమే, చివరికి సీసీ కెమెరాల పెట్టె గోడమీంచి ఒరిగి వేలాడినా మేమే. మిగతా అభియోగాలకు సమాధానం ఆడిట్ రిపోర్టులో ఉంటుంది, అది తయారైన రోజున. ఈ పెట్టె సంగతి మాత్రం ప్రజల ముందు పెట్టక తప్పదు. గోడకు ర్యాక్, అంటే కెమెరాల రికార్డరూ ఇంటర్నెట్ సామానూ పెట్టే ఈ ఇనప పెట్టె, తగిలించడంలో మనకంటూ ఒక సంప్రదాయం ఉంది. దాన్ని కొలతల పేరుతో, బరువుల పేరుతో మంటగలపాలని ఒక వర్గం కంకణం కట్టుకుంది.

ఈ వర్గం వాదన ఎప్పుడూ అమెరికాలోనే మొదలవుతుంది. 1920లలో అక్కడి టెలిఫోన్ కంపెనీ ఎక్స్ఛేంజీల్లో సామాను సర్దుకోవడానికి 19 అంగుళాల వెడల్పు చట్రం ఖాయం చేసుకుంది. ఎత్తును ఒకటిముప్పావు అంగుళాల మెట్లుగా విడగొట్టింది. ఇప్పుడు అందరూ 'యూ' అంటున్నది ఆ మెట్టునే, అంటే 44.45 మిల్లీమీటర్లు. ఆ కంపెనీని 1984లో ముక్కలు చేసేశారు. చట్రం మాత్రం చెక్కుచెదరకుండా వచ్చి మన మెట్ల కింద నిలబడింది. ఎవరో, ఎక్కడో, వాళ్ల తీగల కోసం పెట్టుకున్న లెక్కను మియాపూర్‌లో మనం ఎందుకు పాటించాలో ఇంతవరకు ఎవరూ జనరల్ బాడీలో వివరించలేదు.

పోనీ ఆ లెక్కైనా తిన్నగా ఉందా? ఒక్కో యూకి మూడు రంధ్రాలు. వాటి మధ్య ఎడం సమానంగా ఉండదు. 15.9 మిల్లీమీటర్లు, మళ్లీ 15.9, ఆ తర్వాత ఉన్నట్టుండి 12.7. యూ ఎక్కడ మొదలవుతుందో చూసుకోకుండా కేజ్ నట్ (చట్రం రంధ్రంలో ఇరికించే నట్టు) ఒక రంధ్రం పైన దూర్చారా, నెట్‌వర్క్ స్విచ్ (కెమెరాల తీగలన్నీ కలిపే డబ్బా) చెవులు వాటికి కలవనే కలవవు. మన కుర్రాళ్లు ఈ చిక్కును ఎప్పుడో విప్పేశారు. నాలుగు బోల్టుల చోట రెండే బిగిస్తారు, అదీ ఐమూలగా. మిగిలిన రెండు బోల్టులు జేబులో వేసుకుని వెళ్లిపోతారు. ఇంతకన్నా పొదుపు ఏ ప్రమాణంలో ఉంది?

కొనడంలోనూ మనకు మన పద్ధతి ఉంది. 6యూ అంటే చిన్నది, 9యూ అంటే మధ్యది, 12యూ అంటే సెక్రటరీ గారి బావమరిది షాపులో అమ్ముడుపోకుండా మిగిలింది. మూడు కొటేషన్లు పిలుస్తాం. మూడింటి మీదా చేతిరాత ఒకటే కావడం కాకతాళీయం. షాపువాడు ఎత్తు చెబుతాడు, ట్రెజరర్ గారు ధర అడుగుతారు. లోతు ఊసు ఇద్దరూ ఎత్తరు, అది మర్యాద. ఈ మర్యాద తెలియని ఒకాయన మొన్న మీటింగులో లేచి, "ర్యాక్ లోతు 400 మిల్లీమీటర్లండీ, మన రికార్డరే దాదాపు అంత ఉంది, వెనక ప్లగ్గులకీ వైర్ల వంపుకీ ఇంకో నాలుగు వేళ్లు చోటు కావాలి, సామాను బిగించే ముందు పట్టీ కూడా తలుపుకు లోపలగా ఉంటుంది, ఇదెలా పడుతుంది?" అన్నారు. పట్టదు, నిజమే. రికార్డర్ ముక్కు బయటికి పొడుచుకొస్తుంది, అద్దం తలుపు మూసుకోదు. కానీ తలుపు మూసుకుంటే లోపల వేడెక్కుతుందని చెప్పిందీ ఆయనే కదా! రెండు మాటలూ ఆయనవే, ఏదో ఒకదాని మీద నిలబడమని ప్రెసిడెంటు గారు మర్యాదగా కూర్చోబెట్టారు.

ఇక స్థల నిర్ణయం. ఇది సాంకేతిక విషయమనే భ్రమ కొందరికి ఉంది. వాస్తు ప్రకారం ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, కాబట్టి లిఫ్టు పక్కన అన్ని విధాలా అనువైన గోడ మొదటి నిమిషంలోనే పోయింది. కరెంటు సామాను కాబట్టి ఆగ్నేయం అన్నారు ఒకరు. బరువు కాబట్టి నైరుతి అన్నారు ఇంకొకరు. లోపల వైఫై రూటరు కూడా ఉంటుంది, అది గాల్లో పనిచేసేది, కాబట్టి వాయవ్యమే శాస్త్రసమ్మతమని మూడో ఆయన. మూడు మూలల వాదనలూ బలంగానే ఉన్నాయి. ఒకే పెట్టె అగ్ని, భారం, వాయువు మూడూ అయినప్పుడు ఏం చేయాలో పూర్వులు రాసిపెట్టి పోలేదు. చివరికి మెట్ల కింద, వాచ్‌మన్ కుర్చీకి సరిగ్గా పైన, అప్పటికే ఒక మేకు ఉన్న గోడను ఎంపిక చేశాం. ఉన్న మేకును వాడుకోవడం కూడా పొదుపే.

సెల్లారు మాట కూడా వచ్చింది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ సెల్లార్లలో కార్లే తేలాయి కాబట్టి ఆ పక్షం దానంతటదే నీరుగారింది. టెర్రస్ మీది లిఫ్టు రూము అన్నారు కొందరు. స్విచ్ అడుగున అతికించిన చీటీ చదివితే చాలావాటికి 40 డిగ్రీల దాకానే అనుమతి. రెంటచింతల పేరు వినని తెలుగువాడు ఉండడు, ఏటా వేసవిలో ఉష్ణోగ్రతల పట్టికలో పై వరసలో ఉండే ఊరు. అంతదాకా ఎందుకు, మే నెలలో మన స్లాబు కింద చెయ్యి పెట్టి చూడండి. బయట 43 ఉంటే, తలుపేసిన ఇనప పెట్టెలో ఎంతుంటుందో స్విచ్‌కే తెలుసు. ర్యాక్ నెత్తిన ఫ్యాన్ వస్తుంది, వచ్చింది. దాన్ని పెట్టే ప్లగ్గు పాయింటులో వాచ్‌మన్ ఫోను ఛార్జింగులో ఉంటుంది. ఫోను లేకపోతే ఫ్లాట్లవాళ్లు పిలిస్తే పలికేదెవరు? ప్రాధాన్యం దేనికో ఆలోచించండి.

ఇప్పుడు అసలు గొడవ, గోడ. ర్యాక్ విలువంతా గోడలో ఉందంటుంది ఆ వర్గం. 30 కిలోల పెట్టె తగిలిస్తే గోడ మోసేది 30 కిలోలతో అయిపోదట. పెట్టె ముందుకు పొడుచుకొచ్చిన కొద్దీ పైనున్న బోల్టులను గోడలోంచి బయటికి లాగుతుందట. బరువు అంతే ఉన్నా లోతు రెట్టింపైతే ఆ లాగుడూ రెట్టింపవుతుందట. పైగా బ్రోచర్‌లో '60 కిలోలు మోస్తుంది' అని రాసింది పెట్టెను గురించే గాని గోడను గురించి కాదట. ఇన్ని 'ట'లు నమ్మి ఎవరైనా పని చేయగలరా? డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్న అబ్బాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు. "సార్, ఏనుగెక్కినా ఊడదు." లెక్కలు కావాలా, ఇంత నిబ్బరం కావాలా?

వెనకటి కట్టడాల్లో తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ ఉండేది. దానికి ఏం బిగించినా పట్టేది. ఇప్పుడు కట్టేవి చాలావరకు ఏఏసీ అనే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు. ఎర్ర ఇటుకలో దాదాపు మూడోవంతు బరువు, లోపలంతా గాలి బుడగలు. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి మర బిగిస్తే ప్లగ్గు కూడా దాంతోపాటే తిరుగుతుంది. ఎంత తిప్పినా తిరుగుతుంది. మన అబ్బాయి దాన్ని 'టైటయింది' అంటాడు. మరీ వదులుగా ఉంటే రెండు అగ్గిపుల్లలు దోపి, కాస్త వైట్ సిమెంట్ మెత్తుతాడు. ఈ అగ్గిపుల్ల ఇంజినీరింగు మీద పరిశోధన జరగకపోవడం విచారకరం.

దీనికి వాళ్లు చెప్పే ప్రత్యామ్నాయాలు వినండి. ఏఏసీకి తగిన పొడుగాటి ఫాస్టనర్లు వేరే ఉంటాయట, లేదా రంధ్రంలో రసాయనం నింపి రాడ్డు నిలబెట్టాలట. లేదంటే గోడకు అటూ ఇటూ తూటు పొడిచి, అవతల ఇనప పట్టీ వేసి బోల్టు బిగించాలట. అవతల ఉన్నది 103 వాళ్ల బాత్రూము. స్నానాల గదిలో అసోసియేషన్ వారి ఇనప పట్టీ కనబడితే ఏ గృహిణి ఊరుకుంటుంది? ఇంకొకటి, ముందు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను గోడకు నాలుగైదు చోట్ల బిగించి, దాని మీద ర్యాక్ ఎక్కించాలట. అదేదో బాగానే ఉందని ఒకరిద్దరు తల ఊపారు కూడా. ప్లైవుడ్ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో తేలక ఆగిపోయింది. రంధ్రాలు పెట్టేముందు గోడలో కరెంటు పైపు ఎటు పోతోందో చూసుకోవాలనేది ఇంకో సలహా. అదెందుకు, డ్రిల్లు తగలగానే తెలుస్తుందిగా! రసమట్టం పెట్టి చూడమని కూడా అన్నారు. పెట్టి చూస్తే వంకరని తెలుస్తుంది, చూడకపోతే కనిపించదు. కంటికి మరీ ఒరిగినట్టు అనిపిస్తే పక్కనున్న నోటీసు బోర్డును కూడా అదే వంపులో సర్దుతాం. అప్పుడు రెండూ తిన్నగానే ఉంటాయి.

లోపలి వైభవం చెప్పాలంటే ఈ చోటు చాలదు. నాలుగు ఇంటర్నెట్ కంపెనీలవాళ్లు వచ్చి ఎవరి చుట్ట వాళ్లు వేలాడదీసి వెళ్లారు. పేరు చీటీలు అంటించరు. చీటీ ఉంటే రేపు ఇంకొకడు వచ్చి కూడా మరమ్మతు చేయగలడు, అప్పుడు మొదటివాడి గతేమిటి? కెమెరాలకు వెళ్లే కాట్-6 నెట్‌వర్క్ తీగ ఒక బిగిన 100 మీటర్లు దాటకూడదంటారు. సి-బ్లాకు చివరి కెమెరా దాటింది. అందుకే రాత్రిపూట దాని బొమ్మ వస్తూ పోతూ ఉంటుంది. దొంగకైతే అది ఎప్పుడు చూస్తోందో, ఎప్పుడు చూడట్లేదో అంతుబట్టదు, ఆ రకంగా అది అదనపు భద్రత. వెచ్చగా ఉంటుందని బల్లులు చేరాయి. బల్లి తల మీద పడితే ఒక ఫలితం, భుజం మీద పడితే ఇంకొకటి అని పంచాంగంలో పట్టికే ఉంది. పవర్ సప్లయ్ మీద పడితే ఏమిటో ఇవ్వలేదు. మా అనుభవం ప్రకారం రెండు బ్లాకుల కెమెరాలకు గ్రహణం.

గుడి కమిటీలు మనకన్నా ముందున్నాయి. రామాలయంలో ఆంప్లిఫయరు, మిక్సరు, మైకు రిసీవరు అన్నీ ఒకే గోడ ర్యాక్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చేస్తారు. ఆంప్లిఫయరు మీద ఒక యూ ఖాళీ వదలమంటే, ఆ ఖాళీలో హారతి పళ్లెం సరిపోతుందని పూజారి గారు కనిపెట్టారు. మైకు తీగనూ కరెంటు తీగనూ కలిపి ఒకే టేపుతో చుట్టడం వల్ల, ఎర్తింగు అంతంతమాత్రం కావడం వల్ల, 50 హెర్ట్జ్ హమ్మింగు స్పీకర్లలో ఎడతెగకుండా వినిపిస్తుంది. సౌండు మెకానిక్ దాన్ని లోపం అన్నాడు. భక్తులు ఓంకారం అన్నారు. మెజారిటీ ఎటుందో చెప్పక్కర్లేదు.

చివరిగా తాళం. ఈ తరహా ర్యాకుల్లో చాలావాటికి ఒకే తాళంచెవి పడుతుంది. పక్క అపార్ట్‌మెంట్ చెవితో మనదీ తెరుచుకుంటుంది. ఇరుగుపొరుగు మధ్య ఇంత నమ్మకం ఇంకెక్కడ చూస్తాం? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం, జనం పెద్ద సంఖ్యలో గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగు దాచి ఉంచమంది. మనది ఆ లెక్కలోకి రాకపోయినా అదే గడువును ఆదర్శంగా తీసుకున్నాం. ఆ ప్రకారం, రెండు సైకిళ్లు పోయిన రోజున పెట్టె తెరవబోతే చెవి కనిపించలేదు. స్క్రూడ్రైవర్‌తో తెరిస్తే రికార్డరు వేడికి ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఆగిపోవడానికి ముందరి 30 రోజుల రికార్డింగు మాత్రం భద్రంగా ఉంది. చట్టం ఏ 30 రోజులో చెప్పలేదు కదా.

పెట్టె ఆగినప్పుడల్లా వాచ్‌మన్ స్టూలెక్కి, చీపురు కర్రతో రీసెట్ బటన్ నొక్కుతున్నాడు. ఎత్తులో పెట్టింది పిల్లలకు అందకూడదని, పెద్దలకు కూడా అందకపోవడం అనుకోని లాభం. మొన్న అలా నొక్కినప్పుడు పై ఎడమ బోల్టు గోడలోంచి వేలెడు బయటికి వచ్చింది. వెంటనే అత్యవసర సమావేశం పెట్టాం. కోరం లేక అరగంట వాయిదా వేసి, అదే కోరంతో మళ్లీ మొదలుపెట్టాం. ర్యాక్ నెత్తిన ఇన్వర్టరు బ్యాటరీ పెడితే కరెంటు పోయినా కెమెరాలు నడుస్తాయన్న ప్రతిపాదన చప్పట్ల మధ్య నెగ్గింది. బ్యాటరీ 50 కిలోలకు పైమాటేనని ఎవరో గొణిగారు, మినిట్స్‌లో రాయలేదు. 204లో ఉండే పెద్దావిడ మాత్రం, కనీసం ఆ పెట్టె కిందనుంచి కుర్చీ అయినా పక్కకి జరపండి నాయనా అని ఒక సవరణ తెచ్చారు. కుర్చీ అక్కడినుంచి జరిపితే వచ్చేపోయేవాళ్లు వాచ్‌మన్‌కి కనబడరని, సవరణను బలపరిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ప్రెసిడెంటు గారు అడిగారు. ఓటు హక్కు ఫ్లాటు ఓనర్లకే కాబట్టి, బలపరుద్దామని చెయ్యెత్తిన వాచ్‌మన్ భార్యను లెక్కలోకి తీసుకోలేదు.