ఆదివారం ఎవరిది?

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పెద్ద తరగతులకు వచ్చిన పిల్లలున్న చాలా ఇళ్లలో వారానికి ఏడు రోజులూ పనిదినాలే అయిపోయాయి. శనివారం కోచింగ్, ఆదివారం ఉదయం వారాంతపు పరీక్ష, మధ్యాహ్నం ఆ మార్కుల మీద విచారణ. కాలాన్ని సర్దుకోవడం తెలిస్తే చదువూ సాగుతుంది, ఇల్లూ సాగుతుందని సలహాలిచ్చేవారికి కొదవ లేదు. అయితే సర్దుకోవడానికి అసలు ఎంత కాలం మిగులుతోందో ముందు లెక్క చూడాలి.

పాఠశాలలో 7 గంటలు, ఔటర్ రింగ్ రోడ్డు మీద రాకపోకలకు 2 గంటలు, కోచింగ్‌కు 3 గంటలు, హోంవర్క్‌కు 2 గంటలు అనుకుందాం. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. అందులో కనిష్ఠాన్నే తీసుకున్నా మొత్తం 22 గంటలవుతుంది. స్నానం, భోజనం, ఆట, స్నేహితులు, తోబుట్టువులు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, అందరూ అన్నీ మిగిలిన 2 గంటల్లోనే ఇమడాలి. ఇమడవు కనుక ముందు నిద్రకు కోత పడుతుంది, ఆ తర్వాత ఇంట్లోవారితో మాటకు.

ఈ స్థితి నియమాలు లేక వచ్చింది కాదు. రాజ్యసభ సభ్యుడిగా రచయిత ఆర్.కె. నారాయణ్ బడిపిల్లల అవస్థ గురించి గళమెత్తి, ఆ తర్వాత 1993లో యశ్‌పాల్ కమిటీ చదువుల భారం తగ్గించాలని నివేదిక ఇచ్చి మూడు దశాబ్దాలు దాటింది. 2020 నాటి పాఠశాల బ్యాగు విధానం తొమ్మిదో తరగతి, ఆ పైవారికి రోజుకు 2 గంటలకు మించి హోంవర్క్ ఇవ్వరాదని చెప్పింది. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు విడుదల చేస్తూ, 16 ఏళ్లలోపు వారిని చేర్చుకోవద్దనీ, రోజుకు 5 గంటలు మించవద్దనీ, వారానికొక సెలవు ఇచ్చి తీరాలనీ, సెలవు మర్నాడు పరీక్ష పెట్టవద్దనీ పేర్కొంది. ప్రాంతీయ పండుగలకు పిల్లలు కుటుంబంతో గడిపేలా సెలవులు అమర్చాలని కూడా అందులో ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జులైలో తీర్పునిస్తూ, ప్రైవేటు కోచింగ్ కేంద్రాల నమోదుకూ విద్యార్థుల రక్షణకూ నిబంధనలు తేవాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కాగితం మీద ఇంత రక్షణ ఉన్నా ఆచరణలో దొడ్డిదారులు తెరుచుకునే ఉన్నాయి. కోచింగ్ కేంద్రంలో 16 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం లేదంటే, అదే శిక్షణ ‘ఫౌండేషన్’ పేరుతో ఏడు, ఎనిమిది తరగతుల నుంచే బడి ఆవరణలోకి వచ్చి కూర్చుంటోంది; పీయూ (మన ఇంటర్మీడియట్) స్థాయికి వచ్చేసరికి ‘ఇంటిగ్రేటెడ్’ అన్న ముద్రతో కళాశాల ఏదో, కోచింగ్ ఏదో తేడా తెలియకుండా పోతోంది. ఊరటగా తెచ్చిన మార్పులు కూడా చివరికి భారమవుతున్నాయి. కర్ణాటక ప్రభుత్వం 2024లో బోర్డు పరీక్ష రాయడానికి మూడు అవకాశాలిచ్చింది; సీబీఎస్‌ఈ 2026 నుంచి పదో తరగతికి మే నెలలో రెండో అవకాశం కల్పించింది. ఒక్కరోజు పొరపాటుకు ఏడాది బలికాకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ నాలుగు మార్కులు తగ్గినా మళ్లీ రాయించాలనుకునే ఇంట్లో పరీక్షల కాలం మే దాకా సాగి, పిల్లలు తాతయ్య ఊరికి వెళ్లవలసిన వేసవిని మింగేస్తుంది.

ఇక్కడ తల్లిదండ్రుల వాటాను దాచి మాట్లాడడం న్యాయం కాదు. సాయంత్రం కాగానే అమెరికా కాల్స్‌తో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే తండ్రి, ట్రాఫిక్‌లో ఈదుకుంటూ చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లి, తలుపు వేసుకుని చదువుకునే పిల్ల: ఒకే ఇంట్లో ముగ్గురూ మూడు షిఫ్టుల్లో ఉన్నారు. వారు కలిసే ఆ కాసేపట్లో వినిపించే ప్రశ్నలు కూడా ‘టెస్ట్ ఎప్పుడు, ఎంత వచ్చింది, పక్కింటి వాడికెంత’ అన్నవే అయితే, దాన్ని కుటుంబంతో గడిపిన కాలం అనడం కన్నా తనిఖీ అనడం సబబు. పదిహేనేళ్ల పిల్లవాడు భోజనం పళ్లెం పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోతున్నాడంటే, అది పెంకితనమే కానక్కర్లేదు.

పరాయి రాష్ట్రంలో ఉన్న తెలుగువారికి ఈ నష్టం మరొక రూపంలోనూ తగులుతుంది. ఇక్కడి బడుల్లో పిల్లలు ఇంగ్లిషు, కన్నడ, చాలాచోట్ల హిందీ చదువుతారు. కన్నడ నేలపై ఉంటూ కన్నడ నేర్చుకోవడం సముచితమే. అందులో ఫిర్యాదుకు తావు లేదు. కానీ తెలుగుకు ఇక మిగిలింది ఇల్లొక్కటే. మేనత్త పెళ్లి ముచ్చట్లు, పొలం తగాదా, ఎవరో ఎవరినో వెక్కిరించిన తీరు, కూరలో ఉప్పు ఎక్కువైందన్న దెప్పిపొడుపు, ఇలాంటి పనికిమాలిన కబుర్ల నుంచే భాష పిల్లలకు అంటుతుంది. మార్కుల ఆరా తప్ప మరో మాట లేని ఇంట్లో పెరిగినవారికి నాయనమ్మ ఫోన్ చేస్తే ‘బాగున్నాను, తిన్నాను’ దాటి మాట రాదు. ఆ తర్వాత ఎన్ని తెలుగు సంఘాలు ఉగాదికి ఎన్ని పద్యాల పోటీలు పెట్టినా ప్రయోజనం స్వల్పమే.

సంక్రాంతి దగ్గరికి వచ్చేసరికి చిక్కు ఇంకా బిగుస్తుంది. జనవరి అంటే ప్రీ-బోర్డులు, సీబీఎస్‌ఈ ప్రాక్టికల్స్, నెలాఖరున జేఈఈ మెయిన్ తొలి విడత. మన ఊళ్లలో భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల పండుగ అయితే ఇక్కడ సెలవు ఒక్కరోజే. తండ్రి చిన్నవాణ్ణి తీసుకుని మడివాళలో రాత్రి బస్సెక్కడం, పెద్దపిల్ల కోసం తల్లి నగరంలోనే ఉండిపోవడం ఎన్నో ఇళ్లలో మామూలైపోయింది.

పోటీ నిజం కాదా, సీట్లు కొన్నే కదా అన్న వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేము. పన్నెండో తరగతి ఏడాది ఏ ఇంట్లోనైనా కొంత బిగువుగానే గడుస్తుంది. ఆ ఒక్క ఏడాదికి పండుగ ప్రయాణం మానుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. పన్నెండేళ్ల వయసు నుంచే ఆరేళ్లపాటు ఆదివారాలన్నిటినీ అదే ఖాతాలో జమ కట్టడాన్ని మాత్రం సమర్థించలేము.

కర్ణాటక ప్రభుత్వం కోచింగ్ నిబంధనలను అమలు చేసేటప్పుడు బడుల లోపల నడిచే ఫౌండేషన్ తరగతులను కూడా వాటి పరిధిలోకి తేవాలి. హోంవర్క్ రెండు గంటల పరిమితిని ఒక్కో సబ్జెక్టు ఉపాధ్యాయుడు తనకొక్కడికే ఉన్నదనుకోకుండా, అన్ని సబ్జెక్టులకూ కలిపి పాఠశాలే లెక్క కట్టాలి. తల్లిదండ్రులు ప్రవేశ రుసుము చెల్లించే ముందే ఆ ఏడాది పరీక్షల పట్టికను అడిగి తీసుకుని, ఆదివారాల్లో, జనవరి 14, 15 తేదీల్లో పరీక్షలుంటే మార్చమని నలుగురూ కలిసి లిఖితపూర్వకంగా కోరాలి. కొత్త విద్యా సంవత్సరం పట్టికలు ఖరారు కాకముందే ఈ పని జరగాలి. డిసెంబరులో అడిగితే సమాధానం ఏమిటో అందరికీ తెలిసిందే.