ఇంకా ఇక్కడేనా?

సంక్రాంతి వెళ్లిన వారం ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఒక గంట నిలబడితే చాలు, మా జిల్లా సగం అర్థమవుతుంది. అరిసెల డబ్బాలు, బియ్యం సంచులు, పలాస జీడిపప్పు పొట్లాలు ముందు రైలెక్కుతాయి, వాటి వెనుక కుర్రాళ్లు ఎక్కుతారు. రైలు కదిలాక, సాగనంపడానికి వచ్చిన పెద్దల చూపు ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయిన నా మీద పడుతుంది. "నువ్వింకా ఇక్కడేనా బాబూ?"

నేను బ్యాంకు గుమాస్తాను. ముప్పై దాటింది. ఆఫీసరు ప్రమోషనుకు రెండుసార్లు అవకాశం వచ్చినా దరఖాస్తు పెట్టలేదు. పెడితే బదిలీ ఖాయం. పెట్టనందుకు పెళ్లి సంబంధాల దగ్గర 'ఎదుగూ బొదుగూ లేనివాడు' అన్న పేరు ఖాయమైంది.

ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. ఇక్కడ ఊరు దాటించింది ఆశ కాదు, భయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది, ఆకలి అన్నాళ్లు ఆగదు. ఆ ఏడాది చివర్లోనే పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మన మత్స్యకారులు వేటకు బయలుదేరింది ఎక్కడో గుజరాత్‌లోని వెరావల్ నుంచి. చెట్టునూ సముద్రాన్నీ నమ్ముకోలేని తండ్రి కొడుకును "వెళ్లు" అనక ఏమంటాడు? చిక్కల్లా, నెల జీతం వస్తున్న ఇళ్లలోనూ అదే మాట అలవాటుగా మిగిలిపోవడం. ఎదుగుదలను కిలోమీటర్లలో కొలవడం అలా మొదలైంది.

కొలవడానికి వేరే కొలతలు లేవా అంటే, ఖద్దరుకు పేరున్న మా పొందూరు ఉంది. అక్కడ వడికే మనిషి వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతుంది. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి దూది పొగలా లేస్తుంది. అందులోంచి వందో నంబరు నూలు, అంటే చాలా సన్నని పోగు, తీయడానికి చేతివేళ్లు ఏళ్ల తరబడి అలవాటు పడాలి. తొందరపడితే పోగు తెగుతుంది. ఇంతకంటే ఎదిగిన పనితనం ఏముంటుంది? కానీ (ఇక్కడే నా వాదన కుంటుతుంది) ఆ పనికి దక్కే కూలి చూసి ఆమె తన కూతురిని రాట్నం ముందు కూర్చోబెట్టదు. ఆమెకు తృప్తి గురించి చెప్పబోయేవాడు ముందు కూలి సంగతి మాట్లాడాలి.

'చాలు' అనడానికి కూడా కాస్త ఆస్తి కావాలి మరి. నాకది మా నాన్న ఇచ్చారు, ఇరవై ఏళ్లు హైదరాబాదులో తాపీ పని చేసి. ఆయన రైలెక్కారు కాబట్టే నేను ఎక్కనని అనగలుగుతున్నాను. ఆయన మాత్రం నన్నెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

అడిగేది మామయ్య. మొన్న పండక్కి కూడా అడిగారు. సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉంటున్నానని చెప్పాను. "అదీ ఒక ఉద్యోగమేనా!" అన్నారు. మరుసటి వారం పింఛను కాగితాలు పట్టుకుని, నేను ఇంట్లో ఉంటానని చూసుకుని, సరిగ్గా ఆరింటికి వచ్చారు.