మత్తడి దుంకిన సెల్లార్

హనుమకొండ నుంచి ఏ దిక్కున గీత గీసినా సముద్రం రెండున్నర వందల కిలోమీటర్లకు తగ్గదు. అయినా సెల్లార్ ఉన్న ఇల్లు కట్టుకున్న మనిషికి ఏదో ఒక రోజు గోడలో సముద్రం పెట్టుకోవాలని బుద్ధి పుడుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం నిలబడ్డ గడ్డ మీద పుట్టినోడికి సముద్రపు చేపలు పెంచే నాలుగడుగుల గాజు తొట్టి ఒక లెక్కా అనుకుంటాడు. కాకతీయులు కట్టతో పాటు నీళ్లు వదిలే తూమూ, నిండితే పొర్లిపోయే మత్తడీ కూడా పెట్టారన్న సంగతి కరెంటు పోయేదాకా గుర్తురాదు.

మొదటి గండం గోడే. సెల్లార్ చుట్టూ మట్టిని ఆపే గోడ జోలికి పోకూడదు. బొక్క కొట్టాల్సింది రెండు గదుల మధ్య ఉన్న ఉత్త ఇటుక గోడకు, అదీ పిల్లర్, బీము తగలకుండా. పైన బరువు మోసే లింటెల్ దూలం పడాలి, దాని కొసలు రెండు వైపులా కనీసం ఆరంగుళాలు గోడ మీద కూర్చోవాలి. తొట్టి మాత్రం గోడ మీద కూర్చోదు. వెనక గదిలో ఇనుప స్టాండ్ మీద కూర్చుంటుంది, గోడ దానికి ఫొటో ఫ్రేమ్ లెక్క. నాలుగు బై రెండు బై రెండడుగుల తొట్టిలో 453 లీటర్లు పడతాయి. అద్దం, రాళ్లు, ఇసుక కలిపితే ఆరు వందల కిలోల పైమాటే. ముందు అద్దం ఒక్కదాన్నే నీళ్లు దాదాపు 230 కిలోల బలంతో నెడుతుంటాయి, అందుకే 12 మిల్లీమీటర్ల అద్దం.

పని నీటుగా రావాలని మేస్త్రి అద్దం దాకా సిమెంటు పూసేస్తాడు. పూయనివ్వకండి. చుట్టూ పది మిల్లీమీటర్ల సందు ఉంచి, పైన చెక్క పట్టీ కొట్టించాలి. తొట్టి మీద చెయ్యి పెట్టి కడగడానికి అడుగుంపావు ఖాళీ వదలాలి. బామ్మర్ది టేపు పట్టుకొని ఇవన్నీ కొలుస్తాడు, సెల్లార్ మెట్ల మలుపు ఒక్కటి తప్ప. అక్కడ తొట్టి ఇరుక్కుంటుంది. చివరికి అద్దాలు విడివిడిగా దించి, కిందనే సిలికాన్‌తో అతికించి, వారం రోజులు ఆరబెడతారు. ఆ వారమంతా ఇల్లు వెనిగర్ వాసన కొడుతుంది. ఫంగస్ పట్టదని డబ్బా మీద రాసి ఉన్న బాత్రూం సిలికాన్ మాత్రం వాడకూడదు. ఫంగస్‌ను చంపే మందు చేపను చూసి జాలిపడదు.

ఇక ఉప్పు. "ఉప్పే గదా బిడ్డా, కిరాణంల ఇరవై కిలోలు తెస్తే అయిపాయె" అంటాడు బాపు. తూకం వరకు ఆయన మాట కరెక్టే. లీటరుకు 36 నుంచి 38 గ్రాముల చొప్పున, తొట్టి, దాని కింద ఉండే రెండో తొట్టి (సంపు) కలిపి అయిదు వందల లీటర్లకు పద్దెనిమిది, పందొమ్మిది కిలోలు పడుతుంది. కానీ కిరాణం ఉప్పులో సోడియం క్లోరైడ్, అయోడిన్, గడ్డకట్టకుండా వేసే పొడి తప్ప ఇంకేం ఉండదు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 కాల్షియం ఉంటాయి. అందుకని అక్వేరియం ఉప్పే కొనాలి. వేరే డ్రమ్ములో కలిపి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 చూపించాకే తొట్టిలో పోయాలి. బోరు నీళ్లు పనికిరావు. వంటింటి ఆర్‌వో కూడా చాలదు, అందులో రుచి కోసం కొన్ని లవణాలు మిగిలేలా ఒక స్క్రూ ఉంటుంది. దాని తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం పెట్టి, కరిగిన లవణాల లెక్క చెప్పే టీడీఎస్ సున్నాకు దించాలి.

నీళ్లు పోయగానే చేపలు వేయకూడదు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియాను తినే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికి మేత కావాలని బామ్మర్ది ఒక పచ్చి రొయ్యను తొట్టిలో వేసి కుళ్లనిస్తాడు. శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు. కానీ శనివారం నీసు ముట్టని ఇంట్లో శనివారమే అది బాగా మాగుతుంది. అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు వేస్తే అదే పని వాసన లేకుండా అయ్యేది.

ఆరు వారాలకు అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాక ఒక జత క్లౌన్ చేపలు దిగుతాయి. "ఇంత పెద్ద తొట్టిల గీ చిటికెన వేలంత చేపలా? కొర్రమట్టలు ఏసినా కూరకన్నా అచ్చు" అని బాపు పెదవి విరుస్తాడు. పగడాలు కూడా పెడదామని బామ్మర్ది హుషారు పడతాడు కానీ, మన సముద్రంలోని రాతి పగడాలు, నీటిగుర్రాలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి. ఎవరో తెచ్చిస్తానన్నాడని తీసుకుంటే చేపల కన్నా ముందు మనమే అద్దం వెనక కూర్చోవాలి.

ఇప్పుడు అసలు కథ. సముద్రపు తొట్టి అంటే గొలుసుకట్టు చెరువులే. పై తొట్టిలో ఒక మూలన ఓవర్‌ఫ్లో పెట్టె ఉంటుంది, అదే మత్తడి. మత్తడి దాటిన నీళ్లు గొట్టంలో కింది సంపులోకి దిగుతాయి. అక్కడ జల్లెడ, నురగ తీసే స్కిమ్మర్ దాటాక మోటరు మళ్లీ పైకి ఎక్కిస్తుంది. మోటరు తిరిగినంతసేపు రెండు చెరువులూ కళకళలాడతాయి. బాపు సంపులోకి తొంగి చూసి, "మోటరు బందైతే పై నీళ్లు యాడికి పోతయ్ రా?" అని అడుగుతాడు. "మత్తడి కాడనే ఆగుతయ్ బాపూ" అని ఇంటాయన ధీమాగా చెబుతాడు.

మత్తడి దగ్గర ఆగుతాయి, నిజమే. కానీ నీళ్లు పైకి ఎక్కించే గొట్టం మూతి తొట్టిలో ఏడంగుళాల లోతున ముంచి ఉంది, నీళ్లలో సుడి అందంగా తిరుగుతుందని. వానాకాలం మొదటి గాలిదుమారానికి రాత్రి పదిన్నరకు కరెంటు పోతుంది. పైకి నెట్టే బలం పోయినా గొట్టం నిండా నీళ్లున్నాయి, మూతి మునిగే ఉంది. డ్రమ్ములోంచి డీజిల్‌ను నోటితో ఒక్కసారి లాగి వదిలితే దానంతటదే కారినట్టు, అదే గొట్టం వెనక్కి దించడం మొదలుపెడుతుంది. మూతికి గాలి తగిలేదాకా ఆగదు.

ఆ తొట్టిలో ఒక్క అంగుళం నీళ్లంటే దాదాపు 19 లీటర్లు. ఏడంగుళాలకు 132. సంపు మూడు బై ఒకటిన్నర బై ఒకటిన్నర అడుగులు, అందులో పదంగుళాల నీళ్లున్నాయి. పైన మిగిలిన ఎనిమిదంగుళాల ఖాళీలో పట్టేది 85 లీటర్లు. తేడా 47 లీటర్లు సెల్లార్ బండల మీద మత్తడి దుంకుతాయి. ఆ బండల మీద నాలుగు సన్నబియ్యం బస్తాలు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉన్నాయి. కరెంటు తిరిగి రాగానే, లీకైతే లైను కోసేసే ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంది. 30 మిల్లీఆంపులది పెట్టించిన ఎలక్ట్రీషియన్‌కు ఆ ఇంట్లో ఇంకా ఎవరూ చాయ్ పోయలేదు. బాక్సును గోడకు ఛాతీ ఎత్తున బిగించి, వైరును ప్లగ్గు కన్నా కిందికి వేలాడేలా వంపు తిప్పి ఉంటే తడి దాని దాకా వచ్చేదే కాదు. "ఇగ అన్నంల ఉప్పు ఏస్కునుడు తప్పింది" అంటాడు బాపు, బస్తా కింద చెయ్యి పెట్టి.

తెల్లారి బాక్సు ఆరబెట్టి మోటరు వేస్తే ఇంకో తమాషా. 47 లీటర్లు తక్కువయ్యేసరికి సంపులో మట్టం పడిపోతుంది. రోజూ ఆవిరైన నీళ్లకు బదులు మంచినీళ్లు పోసే ఆటో టాప్‌అప్ ఫ్లోటు, ఆవిరయ్యాయనే అనుకొని పక్కనున్న డ్రమ్ము మొత్తం పోసేస్తుంది. ఆవిరైతే ఉప్పు మిగులుతుంది. కారిపోతే ఉప్పు కూడా పోతుంది. ఆ ఫ్లోటుకు ఈ తేడా తెలియదు. ఉప్పదనం 35 నుంచి 32 దగ్గరికి జారుతుంది. క్లౌన్ జత బతికి బట్టకడుతుంది. బియ్యమే పోతుంది.

"నాన్ రిటర్న్ వాల్వ్ పెడ్దాం బావా, నీళ్లు ఎనకకు రావు" అంటాడు బామ్మర్ది. మంచినీళ్ల లైనుకైతే సరే. ఈ నీళ్లలో కొన్ని నెలలకే దాని రెక్క మీద సున్నపు పెంకు పేరుకుంటుంది, ఇసుక రేణువు ఇరుక్కుంటుంది, పూర్తిగా మూసుకోదు. నమ్మదగిన మందులు రెండే. ఒకటి, గొట్టం మూతిని నీటి మట్టానికి అంగుళం కిందికి లేపడం, అప్పుడు దిగేది 19 లీటర్లే. రెండోది, మట్టానికి అర అంగుళం కింద గొట్టానికి మూడు మిల్లీమీటర్ల బొక్క పెట్టడం. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి ధార తెగిపోతుంది. రెండూ చేసి, చేపలు వేయకముందే ప్లగ్గు పీకి, సంపు ఎక్కడిదాకా నిండుతుందో మార్కర్‌తో గీత పెట్టుకోవాలి.

ఇంటాయన రెండోది ఒక్కటే చేశాడు. సుడి అందం పోతుందని మూతి లేపలేదు. ప్లగ్గు పీకి చూస్తే ధార టక్కున తెగింది. బామ్మర్ది చప్పట్లు కొట్టాడు.

మూడో నెల మళ్లీ కరెంటు పోయింది, మళ్లీ సెల్లార్ నిండింది. టార్చి వేసి చూస్తే గొట్టం మీది బొక్కకు సరిగ్గా మూత పెట్టినట్టు, పాచి తినడానికి తెచ్చిన నత్త అతుక్కొని ఉంది.

"మనూర్ల చెరువు కాసే నీరటికి తూము కాడ ఉన్నందుకు జీతమన్నా ఇత్తుండె," అన్నాడు బాపు, మిగిలిన బస్తాలు మెట్ల మీదికి లాగుతూ. "వీడు ఉత్తగనే మూసిండు."