మాట్లాడని పిల్లంటే అందరికీ లోకువే

ఇప్పుడే స్కూల్ మీటింగ్ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఇక్కడ కక్కేస్తున్నా, భరించండి.

కౌన్సెలర్ అట. మా అమ్మాయి నింపిన స్వభావ పరీక్ష ఫారం ముందు పెట్టుకుని, "మీ పాప ఇంట్రోవర్ట్ అండీ. ఇలాంటి పిల్లలే ఇంటర్నెట్‌కి అడిక్ట్ అవుతారు" అంది. జాతకం చెప్పినంత ధీమాగా!

ఆ ఫారం నేనూ చూశాను. సగం టిక్కులు ఒకసారి పెట్టి, రబ్బరుతో చెరిపి, పక్క గడిలో మళ్లీ పెట్టినవే. ఒకచోట కాగితం చిరిగేదాకా రుద్దింది పిచ్చిపిల్ల. ఏది రాస్తే ఎవరేమనుకుంటారో అని దాని భయం. చూడాల్సింది అక్కడ కదా తల్లీ!

స్వభావానికీ నెట్ పిచ్చికీ సంబంధం లేదని నేననట్లేదు. ఉంది. బిగ్ ఫైవ్ అని మనిషి స్వభావానికి ఐదు లక్షణాలు పెట్టుకుని సైకాలజిస్టులు కొలుస్తూనే ఉన్నారు. అందులో పదే పదే తేలేది న్యూరోటిసిజం, అంటే చిన్నదానికీ టెన్షన్ పడే, బెంగపడే గుణం. ఆ తర్వాత, పట్టిన పని పద్ధతిగా పూర్తిచేసే అలవాటు లేకపోవడం. ఇంట్రోవర్ట్‌ల సంగతికొస్తే ఒక స్టడీ అవునంటుంది, ఇంకోటి కాదంటుంది. పైగా నలుగురితో కలిసిపోయేవాళ్లే సోషల్ మీడియా ఎక్కువ వాడతారు. మరి వాళ్లనెవరూ పిలిచి కూర్చోబెట్టరే? రోజంతా రీల్స్ తీసి పెట్టే పిల్ల యాక్టివ్, గదిలో కూర్చుని వాటిని చూసే పిల్ల అడిక్ట్. బాగుంది న్యాయం.

ఇంతకీ బెంగ వల్ల ఫోన్ పట్టుకుంటున్నారా, ఫోన్ వల్ల బెంగ పెరుగుతోందా? చాలా స్టడీలు ఒక్కసారి ఫారాలు నింపించుకుని లెక్కలు కట్టినవే, ఏది ముందో ఏది వెనకో వాటిలో తేలదు. మేడమ్‌కి మాత్రం తేలిపోయింది.

అన్నట్టు, ఇంటర్నెట్ అడిక్షన్ డిజార్డర్ అన్న పేరు 1995లో ఇవాన్ గోల్డ్‌బర్గ్ అనే సైకియాట్రిస్ట్ వేళాకోళానికి పెట్టింది. నిజంగా! తర్వాత కింబర్లీ యంగ్ అనే సైకాలజిస్ట్ ఆ అడిక్షన్‌ని కొలవడానికి 20 ప్రశ్నల పరీక్ష తయారుచేసింది, అది సీరియస్‌గానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జబ్బుల జాబితా ఐసీడీ-11 2022 నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్ ఉంది గానీ, ఇంటర్నెట్ అడిక్షన్ అని విడిగా జబ్బేమీ లేదు. గేమింగ్‌కైనా బతుకు బాగా దెబ్బతినాలి, అదీ మామూలుగా 12 నెలల పాటు చూసి చెప్పాలి. ఇక్కడ కుర్చీ వేడెక్కకముందే తేల్చేశారు.

ఎంత కిందికి లాగినా అయిపోని ఫీడ్, మనం నొక్కకుండానే మొదలయ్యే తర్వాతి వీడియో... వాటిని తయారుచేసినవాళ్ల స్వభావం కొలవడానికి ఫారం ఏదైనా ఉందా? ఉండదు. దోషమంతా పదమూడేళ్ల పిల్ల గుణంలోనే ఉంది మరి.

అసలు నా కోపం ఈవిడ ఒక్కదాని మీదే కాదులెండి. నా చిన్నప్పుడు ఇంట్లో ఇంటర్నెట్ ఎక్కడిది? అయినా నన్నూ ఇలాగే అన్నారు. అప్పుడు నేరం పుస్తకాలది. "ఎప్పుడూ పుస్తకంలో తల దూర్చుకుని కూర్చుంటుంది, ఎవరితోనూ కలవదు, రేపెలా బతుకుతుందో" అని మా పిన్ని, ఇంటికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా. నేను పక్కనే ఉండేదాన్ని. మాట్లాడనివాళ్లకి చెవులు కూడా పనిచేయవనుకునేది కాబోలు.

ఆవిడ కూతురు మాత్రం గలగలా మాట్లాడేది. ఎంత గలగలా అంటే, నేను వేసిన బొమ్మ తనదని చెప్పుకుని అందరి మెప్పూ కొట్టేసింది. అది నాది అని నేను నోరు విప్పితే, "చూశారా, దెబ్బలాటకి మాత్రం మాటలొస్తాయి" అన్నారు. ఆ బొమ్మకి ఫ్రేమ్ కట్టించి ఇప్పటికీ వాళ్ల హాల్లో పెట్టుకున్నారు. కింద సంతకం కూడా దానిదే!